కుక్కకాలు నర్సప్ప పెళ్ళాం

బాలమణికి కోపం వస్తే అరవదు. అరిస్తే కోపం అరగంటలో చల్లారిపోతుంది, అంత చవకగా దాన్ని పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు. ఆమెది మడతపెట్టి పరుపు కింద దాచుకునే కోపం. మాటవరసకు అనడం లేదు, నిజంగానే దాచుకుంది. పదకొండేళ్ళుగా ఆమె పడుకునే పరుపు కింద ఒక ఎక్స్‌రే ఫిల్ము ఉంది. మనిషిది కాదు, కుక్కది. ముందరి ఎడమ కాలు, పంజాకు నాలుగు వేళ్ళ పైన రెండు ముక్కలై ఉంటుంది.

బాలమణి పనిచేసేది షోలాపూర్ హోట్గి రోడ్‌లో ఒక పశువుల దవాఖానాలో. వయసు నలభై ఎనిమిది, చదువు ఐదో తరగతి, పేరుకు ఆయా. పొద్దున్నే కుంభారి నుంచి బస్సెక్కి వస్తుంది. గోనెసంచంత బరువుండే సీసపు కోటు తొడుక్కుని, కుక్కనో మేకనో ఎక్స్‌రే బల్ల మీద పడుకోబెట్టి, కాలు ఎటు తిప్పాలో అటు తిప్పి కదలకుండా పట్టుకుంటుంది. ఇదీ ఆమె ఉద్యోగం. కాని ఫోటో కంప్యూటర్ మీదికి రాగానే డాక్టర్ సాక్షి వెనక్కి తిరిగి, "మావ్‌షీ, ఏమంటావ్?" అని అడుగుతుంది. మావ్‌షీ అంటే మరాఠీలో పిన్ని, కాని సాక్షి షోలాపూర్ తెలుగింటి పిల్లే. ఇంత చదివిన పిల్ల ఆయాను అడగడమేమిటని కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. పాతవాళ్ళకు అలవాటైపోయింది.

బాలమణి దగ్గర రెండే మాటలున్నాయి. ఒకటి "పోగు తెగింది". దెబ్బ తగిలి విరిగిన ఎముకకు అంచులు పదునుగా ఉంటాయి. ఆ రెండు కొసలను దగ్గరికి తెస్తే ఒకదానికొకటి సరిపోతాయి, కట్టు కడితే అతుకుతాయి. రెండో మాట "నూలే చెడ్డది". ఎముకలో గడ్డ పెరిగితే, పెట్టెలో మరిచిపోయిన చద్దరును పురుగు కొట్టినట్టు సన్నసన్న చిల్లులు పడతాయి. మంచి ఎముక ఎక్కడ ఆగిందో, చెడ్డది ఎక్కడ మొదలైందో గీత గీసి చూపలేం. పైపొర లేచి ముళ్ళుముళ్ళుగా బయటికి పొడుచుకొస్తుంది. అలాంటి ఎముక కూడా ఒకరోజు విరుగుతుంది. అయితే దానికి పెద్ద దెబ్బ అక్కర్లేదు, కుక్క గడప దిగినా చాలు. అప్పుడు ఫిల్ము మీద విరిగిన చోటు ఒక్కటే కంట్లో పడుతుంది, దాని చుట్టూ ఉన్న చిల్లులు తొందరపడే కంటికి కనబడవు. బాలమణికి తొందర లేదు. అయినా ఎముక ముక్క తీసి పరీక్షకు పంపనిదే డాక్టరమ్మ ఏదీ ఖాయం చేయదు. పరీక్ష ఫలితం చాలాసార్లు బాలమణి మాటకే వచ్చి నిలబడుతుంది.

ఇంత నేర్పు ఎందుకు వచ్చిందంటే పగ వల్ల వచ్చింది. జంతువుల మీద ప్రేమ అనుకుంటే పొరపాటు.

పదకొండేళ్ళ కింద వాళ్ళు దాజీ పేట్‌లో ఉండేవాళ్ళు. బాలమణి ఇంట్లో బీడీలు చుట్టేది. మొగుడు నర్సప్ప పాండురంగ్ శేట్ చద్దర్ల కార్ఖానాలో సాంచా నడిపేవాడు. మరమగ్గాన్ని అక్కడ అందరూ సాంచా అనే అంటారు. శేట్ కార్ఖానాలో ఒక పద్ధతి ఉండేది. బట్టలో తప్పు వస్తే ఆ ముక్కను గేటుకు క్లిప్పులతో తగిలించి, కింద చాక్‌పీసుతో మనిషి పేరు రాసేవాళ్ళు. నూలు చెడ్డదైనా, యంత్రం చెడ్డదైనా తప్పు మాత్రం ఆ పాళీలో, అంటే ఆ షిఫ్టులో, సాంచా ముందు నిలబడ్డవాడిదే. నూలు కొన్నది శేట్, యంత్రం కొన్నది శేట్, మరి వాటికి తప్పెలా అంటగడతాడు!

శేట్‌కు షేరూ అని ఒక పెద్ద జాతి కుక్క ఉండేది. కార్ఖానా వాకిట్లో కట్టేసేవాళ్ళు. ఒకరోజు చాయ్ వేళ అందరూ బయటికి పోయినప్పుడు కుక్క గావుకేక పెట్టింది. పరుగెత్తుకొచ్చి చూస్తే దాని ముందుకాలు వేలాడుతోంది. వాకిట్లో ఉన్నది నర్సప్ప ఒక్కడే. శేట్ వచ్చి అడిగింది ఒకటే మాట.

"ఎవని పాళీ?"

"నర్సప్పది" అన్నారు.

విచారణ అంతే. నర్సప్ప నోట్లో నాలుక లేని మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మర్నాడు కుక్క కాలి ఎక్స్‌రే గేటుకు వేలాడింది, బట్టముక్కలు వేలాడే చోటే, అవే క్లిప్పులతో. కింద చాక్‌పీసుతో "నర్సప్ప పని" అని రాశారు. పేటలో ఉన్నవాళ్ళంతా నేతవాళ్ళు, దేన్నైనా వెలుతురుకు పట్టి చూడటం వాళ్ళకు పుట్టుకతో వచ్చింది. వచ్చేవాడూ పోయేవాడూ ఫిల్మును ఆకాశానికి పట్టి, "అబ్బ, బరోబర్ తెగింది" అని తల ఊపాడు. తెగినచోటే చూశారు, చుట్టూ నేత ఎలా ఉందో ఒక్కరూ చూడలేదు. మూడో రోజు బాలమణి వెళ్ళి దాన్ని పీక్కుని ఇంటికి తెచ్చుకుంది. కుక్కకు రెండు నెలలు పట్టీ కట్టించాడు శేట్. అది మూలుగుతూ మూలుగుతూ చచ్చిపోయింది. నర్సప్ప చంపాడన్నాడు శేట్.

ఆ తర్వాత ఏ కార్ఖానావాళ్ళూ నర్సప్పను పనికి పిలవలేదు. అదైనా ఓర్చుకోవచ్చు, పేరు ఓర్చుకోలేం. కుక్కకాలు నర్సప్ప. పేటలో ఇంకో నర్సప్ప ఉన్నాడు కాబట్టి గుర్తుకు బాగుంటుందని అందరూ దాన్నే వాడుకున్నారు. దగ్గరి చుట్టాల పెళ్ళిపత్రిక మీద కూడా "శ్రీ కుక్కకాలు నర్సప్ప గారికి" అని రాసి ఇచ్చారు, గారు ఒకటి తగిలించి మరీ. కూతురు శ్రావణిని బడిలో కుక్కకాలు పిల్ల అన్నారు. కుంభారికి ఇల్లు మారితే ఆ పేరు సామాను బండి కన్నా ముందే చేరుకుంది. నర్సప్ప గడప దాటడం మానేసి, ఆడవాళ్ళ పక్కన కూర్చుని బీడీలు చుట్టడం నేర్చుకున్నాడు.

గొడవ జరిగిన వారంలోనే బాలమణి మొగుణ్ణి ఒకసారి అడిగింది. "నువ్వు కొట్టలే గదా?" నర్సప్ప నోరు తెరిచాడు. ఆయన మాట బయటికి రాకముందే ఆమే అందుకుంది. "నాకెర్కనే లే. చీమను గూడ తొక్కవు నువ్వు." నర్సప్ప నోరు మూసుకున్నాడు.

పశువుల దవాఖానాలో ఊడ్చే పని ఖాళీ ఉందని తెలిసినప్పుడు బీడీల చేట పక్కకు పెట్టి వెళ్ళింది అందుకే. ఆ ఫిల్ములో ఏముందో తనే చదవాలి. ఎవరో డాక్టర్‌కు చూపిస్తే సరిపోయేది కదా అనవచ్చు. చూపించి, ఆ డాక్టరూ కొట్టారనే అంటే? ఆ భయంతో ఎవరికీ చూపలేదు. మూడేళ్ళు ఊడుస్తూ, తుడుస్తూ, కుక్కల కాళ్ళు పట్టుకుంటూ డాక్టరమ్మ భుజం మీదుగా చూసింది. మూడో ఏడు ఒక మధ్యాహ్నం ఒక పెద్ద కుక్క ఎముకలో చిల్లులు కనబడ్డాయి. "ఇది గడ్డ, దీనికి పట్టీ కట్టి లాభం లేదు" అంది సాక్షి. ఆ రోజు బాలమణి ఇంటికి పోయి, చెప్పులు కూడా విడవకుండా పరుపు లేపి, ఫిల్మును కిటికీకి పట్టింది. విరిగిన చోటు చుట్టూ పదిహేడు చిల్లులు లెక్కపెట్టింది. ఏడవలేదు, నవ్వింది.

ఎవరికీ చెప్పలేదు. దాజీ పేట్‌కు పోయి చెబితే ఆయా మాట ఎవడు వింటాడు? శేటే తన దగ్గరికి రావాలి. శేట్ హోట్గి రోడ్‌లో బంగళా కట్టాడు, ఆ బంగళాలో మళ్ళీ ఒక కుక్క ఉంది. రోజూ బస్సు కిటికీలోంచి ఆ గేటును చూసుకుంటూ, ఏదో ఒకరోజు రాకపోతావా అని పళ్ళు నూరుకుంటూ ఎనిమిదేళ్ళు గడిపింది.

ఈ ఎండాకాలం వచ్చాడు. అరవై దాటిన శేట్, వెంట కుంటుతున్న కుక్క బాద్‌షా. బాలమణిని గుర్తుపట్టలేదు. సాంచా నడిపేవాడి పెళ్ళాం ముఖం ఆయనకెందుకు గుర్తుంటుంది?

"ఆ వాచ్‌మన్ వినాయక్ గాడు కొట్టిండు మేడం. నిన్న గేటు ముంగటనే చెంప పగులగొట్టిన. కొట్టుడుతోని ఇరిగిందని రాసియ్యండి, పోలీసులకు ఇయ్యాలె" అన్నాడు.

బాలమణి బాద్‌షాను బల్ల మీద పడుకోబెట్టింది. అది వణుకుతూ ఆమె మోచేతి కింద ముక్కు దూర్చింది. దాని మీద ఆమెకు ఏ కోపమూ లేదు. ఫోటో వచ్చింది. అదే ముందుకాలు, అదే చోటు, సన్నటి పగులు. పగులు చుట్టూ పురుగు కొట్టిన చద్దరు.

"మావ్‌షీ, ఏమంటావ్?" బయట ఇంకా ఆరు కుక్కలున్నాయి, సాక్షి తొందరలో ఉంది.

ఆ క్షణంలో బాలమణికి వచ్చిన ఆలోచన మంచిది కాదు. పోగు తెగింది అంటే చాలు. డాక్టరమ్మ ఇంకోసారి చూస్తే చూడవచ్చు, చూడకపోతే పట్టీ కడతారు. రెండు నెలలు శేట్ మళ్ళీ ఆ మూలుగు వింటాడు. ఎంత తియ్యటి ఆలోచన! నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఆ మాట అంటే ఊళ్ళో కుక్కకాలు వినాయక్ ఒకడు తయారవుతాడు. అంతేకాదు, కుక్క కాళ్ళు విరగ్గొట్టేది పనివాళ్ళేనని శేట్ మాటే రెండోసారి గెలుస్తుంది. అది మాత్రం జరగనివ్వదు.

"నూలే చెడ్డది మేడం. మంచిగ చూడుండ్రి" అంది.

సాక్షి కుర్చీ దగ్గరికి లాక్కుని చూసింది, పెద్దది చేసి చూసింది. కొట్టినందుకు విరిగినట్టు లేదని, ఎముకలో గడ్డ ఉన్నట్టుందని, రేపు పరగడుపున తీసుకొస్తే ముక్క తీసి పరీక్షకు పంపుతానని శేట్‌కు చెప్పింది. శేట్ వంగి బాద్‌షా తల నిమిరాడు.

మర్నాడు బాలమణి పరుపు కింది ఫిల్మును చీరలో చుట్టి తెచ్చింది. కంప్యూటర్ వచ్చాక ఎవరూ ముట్టని పాత లైటు పెట్టె గోడకు ఇంకా ఉంది. దుమ్ము తుడిచి, స్విచ్చి వేసి, ఫిల్ము తగిలించింది. పక్కన కంప్యూటర్ మీద బాద్‌షా కాలు. శేట్ లోపలికి వచ్చాడు.

"శేట్, ఇది గుర్తున్నదా?"

"ఏంది?"

"షేరూ కాలు."

శేట్ ఆమె ముఖం వంక మొదటిసారి చూశాడు. "నువ్వెవరు?"

"కుక్కకాలు నర్సప్ప పెళ్ళాన్ని."

పదకొండేళ్ళుగా ఎవరు అన్నా కడుపు మండిన ఆ పేరు, ఆ రోజు తన నోటితో తానే అంటే ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది. వేలు పెట్టి చూపించింది. ఈ చిల్లులు చూడు, ఆ చిల్లులు చూడు. ఈ ముళ్ళు చూడు, ఆ ముళ్ళు చూడు. పరీక్ష ఏమీ చెప్పకముందే శేట్‌కు అర్థమైపోయింది, ఆయనా నేతవాడే.

"అప్పటి డాక్టర్ ఇరిగిందన్నడు..."

"ఇరిగింది నిజమే. ఎందుకిరిగిందని అడిగినవా? ఎవని పాళీ అనడిగినవ్, గంతే. ఇంకోటి ఇను. నువ్వు పట్టీ కట్టిపిచ్చి రెండు నెలలు ఉంచినవ్ చూడు, ఆ పట్టీ లోపల అది కుళ్ళుకుంట కుళ్ళుకుంట సచ్చింది. గా మూలుగుడు అందుకే. షేరూను సతాయించి సంపింది నర్సప్ప కాదు, నువ్వు."

"మావ్‌షీ, బస్" అంది సాక్షి.

శేట్ బల్ల అంచు పట్టుకున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాలమణి ఆ నీళ్ళను తనివితీరా చూసింది. జాలి పడిందని రాస్తే అబద్ధమవుతుంది.

"ఏం గావాలె నీకు?" అన్నాడు చివరికి.

"గేటు గావాలె. రేపు మూడు గంటలకు పాళీ మారేటప్పుడు నీ చేతులతోని ఈ ఫోటో మళ్ళ గేటుకు కట్టు. నర్సప్ప నా కుక్క మీద చెయ్యెయ్యలే అని అందరు ఇనంగ చెప్పు. వినాయక్‌కు గూడ ఆడనే చేతులు జోడించు. నీతోని కాదంటవా, నేనే కడత. కింద చాక్‌తోని నీ పేరు రాస్త."

శేట్ బయటికి వెళ్ళాక సాక్షి ఒక మాట అంది. "మావ్‌షీ, ఫోటో అంత చెప్పదు. ఎముక ముందే చెడిందంటుంది, అంతే. చెయ్యి పడిందా లేదా అందులో ఉండదు. నర్సప్ప వల్ల విరగలేదు అనిపించు, చాలు."

"నా మొగుడు నాకెర్క మేడం" అంది బాలమణి.

నర్సప్పను రమ్మంటే, పని ఉందని తల ఎత్తకుండా అన్నాడు. ఆమె ఒక్కతే వెళ్ళింది. మూడు గంటలకు దాజీ పేట్‌లో పాళీ దిగేవాళ్ళు దిగుతున్నారు, పాళీ ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, కార్ఖానా గేటు దగ్గర అరవై మంది దాకా ఉన్నారు. శేట్ తన చేతులతోనే ఫిల్మును క్లిప్పులకు తగిలించాడు. ముందు వినాయక్‌కు చేతులు జోడించాడు. తర్వాత గొణిగాడు.

"జోర్‌సే శేట్. సాంచల మోతల ఇనపడ్తలే" అంది బాలమణి.

"నర్సప్ప... నా కుక్క మీద చెయ్యెయ్యలే."

"మళ్ళొక్కసారి."

మూడుసార్లు అనిపించింది. ఫిల్ము వేలాడిన మూడు రోజులకు మూడుసార్లు. జనంలో పెళ్ళిపత్రిక రాసిన చుట్టమూ ఉన్నాడు, నేల చూపులు చూశాడు. బాలమణి ఫిల్మును విప్పుకుని, జిలేబీ పొట్లం కట్టించుకుని బస్సెక్కింది. దారిపొడుగునా ఆ మూడు మాటలను నెమరేసుకుంటూ వచ్చింది.

ఇంకా ఎండ పోలేదు. నర్సప్ప వాకిలి దగ్గర ఒళ్ళో చేట పెట్టుకుని బీడీకి దారం చుడుతున్నాడు. ఆమె పొట్లం విప్పి ముందు పెట్టి అంతా చెప్పింది. శేట్ గొంతును అనుకరించి మరీ చెప్పింది. ఆయన దారం తెంపాడు, ఇంకో ఆకు తీసుకున్నాడు.

"ఏందయ్యా, మాట్లాడవు?"

"చెయ్యెయ్యలే అనిపిచ్చినవా?"

"మూడుసార్ల."

"నేను కొట్టిన బాలమణీ."

ఆమెకు ముందు అర్థం కాలేదు.

"చాయ్ పట్టుకొని పోతుంటె మీదికి దుంకింది. చాయ్ కాళ్ళ మీద ఒలికింది. రెండో చేతిల నూలు చుట్టే ఖాళీ కాండీ ఉండె, ఇసిరిన. కాలుకు తాకింది. గింతంత కట్టెముక్క. కాలు ఏలాడవడ్డది." చేతిలోని ఆకు నలిగిపోయింది. "నువ్వు అడిగిననాడు చెప్పబోయిన. చీమను గూడ తొక్కవంటివి. పేటంత కొట్టిండు అంటుంటె, కొట్టలే అన్నది నువ్వొక్కదానివే. అది గూడ పోతదేమోనని భయపడ్డ."

బాలమణి అరిచింది. పెళ్ళైనప్పటి నుంచి ఎప్పుడూ అరవని మనిషి గొంతు చించుకుని అరిచింది. చుట్టుపక్కల ఇళ్ళలోంచి తలలు బయటికి వచ్చాయి. పదకొండేళ్ళు నన్ను పిచ్చిదాన్ని చేసినవంది, కుక్కల కాళ్ళు పట్టుకుంట నేను తిరిగితే నువ్వు ఆకులు కత్తిరించుకుంట కూసున్నవంది, శేట్ కన్నా నువ్వే పెద్ద దొంగవంది. జిలేబీ పొట్లం వాకిట్లోకి విసిరింది. అరగంట అరిచాక, ఆమె ఎప్పుడూ భయపడినట్టే, కోపం చల్లారిపోయింది. చల్లారాక మొగుడి ముఖం కనబడింది. పదకొండేళ్ళు తన చేత్తోనే ఒక ప్రాణం తీశానని నమ్మి కూర్చున్న ముఖం అది.

వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ఫిల్మును పడమటి వెలుతురుకు పట్టింది. గొడవ జరిగిననాటి నుంచి నర్సప్ప దాని వంక ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇటు చూడు. ఇగో, ఇక్కడ, ఇక్కడ. నీ కాండీతోని పడ్డయా ఇవి? నూలే చెడ్డది. చెడ్డ నూలును ఉత్త చెయ్యి పెట్టి ముట్టినా తెగుతది. ముప్పై ఏండ్లు సాంచా నడిపినవ్, నీకు నేను చెప్పాల్నా?"

నర్సప్ప మెడ ముందుకు చాచి చూశాడు. బట్టలో తప్పు వెతికే మనిషి చూపు అంత తొందరగా పోదు. వేలు మెల్లగా ఎముక వెంట నడిచి ఒకచోట ఆగింది.

"ఈడ గూడ ఉన్నది ఒకటి" అన్నాడు. పద్దెనిమిదోది. ఎనిమిదేళ్ళుగా ఆమె కంటికి దొరకనిది. చేతులకు తంబాకు ఉంది కాబట్టి ఆయన కళ్ళు తుడుచుకోలేదు.

మళ్ళీ ఒక ఆకు తీసుకుంటూ అన్నాడు. "రేపు పోయి శేట్‌కు చెప్పొస్త, కాండీ తాకింది నిజమేనని. ఆయనతోని అబద్ధం ఆడిపిస్తిమి గద."

"పోవద్దు."

"తప్పు గాదా?"

"తప్పే. ఉండనియ్. ఆయన ఆడిన అబద్ధం పదకొండేండ్లు మనం మోసినం. ఇది ఆయన మొయ్యని" అంది బాలమణి. లేచి వాకిట్లో పడ్డ జిలేబీలు ఏరడానికి వెళ్ళింది.